నొప్పి కాదు, నిస్సత్తువ

ఆదివారం ఆరాధనలో ప్రార్థన అంశాలు చదివేటప్పుడు ప్రొద్దుటూరైనా, జమ్మలమడుగైనా, పులివెందులైనా తప్పక వినపడేవి ఒళ్లు నొప్పులు, కాళ్ల నొప్పులే! మగ్గం నేసేవారికీ, చీనీ తోటల్లో కూలికెళ్లేవారికీ నొప్పులు కొత్త కాదు గనుక ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అయితే నొప్పికన్నా నిస్సత్తువ ఎక్కువగా ఉండే ఒక రకాన్ని మాత్రం మనం వేరు చేసి చూడాలి. నిన్నమొన్నటిదాకా గుంతమగ్గంలోంచి అలవోకగా లేచిన మనిషి ఇప్పుడు చేతులు ఊనితే తప్ప లేవలేడు. తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి రాదు. బస్సు మెట్టు కొండంతవుతుంది. రెండువైపులా తొడలూ, భుజాలూ కొద్ది వారాల్లోనే ఇలా సడలిపోతే అది మయోసైటిస్, అంటే కండరాల వాపు జబ్బు కావచ్చు. సినీనటి సమంత 2022లో తనకీ జబ్బుందని చెప్పాకే మనలో చాలామంది ఆ పేరు విన్నారు. కనురెప్పల మీద ఊదారంగు, వేళ్ల కణుపుల మీద దద్దుర్లు కూడా ఉంటే అది డెర్మటోమయోసైటిస్. మన చామనఛాయ ఒంటిమీద ఆ రంగు అంత తేలిగ్గా కనబడదు మరి!

ఈ జబ్బు కొందరిలో లోపల దాగిన కేన్సర్‌కు ముందస్తు కబురు. జర్మనీ వైద్యులు 1916లోనే జీర్ణాశయ కేన్సర్ విషయంలో దీన్ని గమనించి రాశారు. అండాశయ, ఊపిరితిత్తుల కేన్సర్లతోపాటు రక్త కేన్సర్ల కోవకు చెందిన లింఫోమా కూడా ఇలా బయటపడుతుంది; లుకేమియా అరుదు. కండరాల జబ్బు మొదలైన తొలి మూడేళ్లలో, అదీ 40 దాటినవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. అలాగని మయోసైటిస్ వచ్చిన వారిలో ఎక్కువమందికి కేన్సర్ ఉండదు.

మా భయమల్లా స్టెరాయిడ్ గురించే. నొప్పికని ఊళ్లో వేసే సూదిమందుల్లో, పొట్లం కట్టిచ్చే మాత్రల్లో అది ఉండటం కద్దు. మయోసైటిస్‌కు అసలు వైద్యమూ దానితోనే మొదలవుతుంది. కానీ పరీక్షలకు ముందే అది ఒంట్లోకి వెళితే లింఫోమా గడ్డలు కొన్నాళ్లు కరిగి, కొన్ని లుకేమియాల్లో చెడ్డ కణాలు తగ్గి, రోగి కోలుకున్నట్టే కనిపిస్తాడు. స్వస్థత కలిగిందని సంఘంలో సాక్ష్యం కూడా చెబుతాడు! జబ్బు తిరిగొచ్చేసరికి విలువైన వారాలు పోయి ఉంటాయి, గడ్డ ముక్క తీసి చేసే బయాప్సీ కూడా స్పష్టంగా తేల్చలేకపోవచ్చు.

హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించాడు. అతని పుండుకు అంజూరపు పండ్లతో కట్టు కట్టమన్నదీ యెషయా ప్రవక్తే. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆస్పత్రిని నెలకొల్పిన లండన్ మిషన్ వారు కూడా సువార్త కోసం వచ్చినవారే కదా!

ముందుగా కావలసినవి సీబీపీ, సీపీకే అనే రెండు రక్తపరీక్షలు. కొలెస్టరాల్ మాత్రలు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, వాటివల్లా కండరాలు దెబ్బతినవచ్చు. రక్తకణాలు తేడాగా ఉన్నా, మెడలోనో చంకలోనో గడ్డ తగిలినా, కారణం లేకుండా బరువు తగ్గినా కడప రిమ్స్‌కో, వేలూరు సీఎంసీకో వెళ్లేటప్పుడు అంతకుముందు వాడిన సూదిమందుల చీటీలు, ఖాళీ మాత్రల అట్టలు పారేయకుండా వెంట తీసుకెళ్లాలి.