దౌడ నొప్పికి పన్ను పీకిస్తే సరా? అపోహలు – వాస్తవాలు

తాండూరులోనైనా వికారాబాద్‌లోనైనా దౌడ నొప్పి మొదలైతే ముందు అనుమానించేది పంటిని, తర్వాత చెవిని. అసలు దోషి ఆ రెండూ కాకపోవచ్చు. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి చూడండి, వేలి కింద కదిలేదే దవడ కీలు. పుర్రె ఎముకకూ కింది దవడకూ మధ్య ఒక మెత్తని బిళ్ల ఉంటుంది. మాట్లాడినా, నమిలినా, ఆవులించినా రెండు వైపుల కీళ్లూ కలిసే కదలాలి. ఈ కీళ్లకూ నమిలే కండరాలకూ వచ్చే బాధలన్నిటినీ కలిపి డాక్టర్లు ‘టీఎండీ’ అంటారు. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఇవి ఎక్కువ.

అపోహ: వాపు ఉందంటే చీము పట్టినట్టే. యాంటీబయాటిక్ వేసుకుంటే పోతుంది.
వాస్తవం: దెబ్బ తగిలినా, బిళ్ల పక్కకు జరిగినా, నిద్రలో పళ్లు కొరికినా కీలు లోపలి పొర రేగుతుంది. అక్కడ ఊరే రసాయనాలు నరాలను సున్నితం చేస్తాయి, అందుకే ముద్ద నమిలినా నొప్పి పుడుతుంది. ఇందులో సాధారణంగా సూక్ష్మజీవుల పాత్ర ఉండదు, కాబట్టి యాంటీబయాటిక్‌కు ఇక్కడ పని లేదు. చాలామందిలో అసలు కీలు వాపే ఉండదు, పట్టేసినవి చెంప, కణత కండరాలు. పిప్పి పంటి చీముతో, జ్వరంతో వచ్చే వాపు వేరు. దానికి వెంటనే వైద్యం కావాలి.

అపోహ: నోరు తెరిస్తే ‘టక్’మంటోంది, కీలు అరిగిపోయింది.
వాస్తవం: నొప్పి లేని శబ్దం ఎంతోమందిలో ఉంటుంది, దానికి చికిత్స అక్కర్లేదు. శబ్దంతోపాటు నొప్పి ఉన్నా, నోరు మధ్యలో ఆగిపోతున్నా చూపించుకోవాలి.

అపోహ: జ్ఞానదంతం పీకించినా, పళ్లు అరగదీయించినా తగ్గిపోతుంది.
వాస్తవం: కీలు నొప్పికి పళ్లే కారణమనే నమ్మకం పాతది. 1934లో అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు, పళ్లు ఊడి దవడ మరీ ఎక్కువగా మూసుకోవడమే ఈ నొప్పికి మూలమన్నాడు. ఆ లెక్క తర్వాతి పరిశోధనల్లో నిలవలేదు. పన్ను చెడితే పంటికి వైద్యం చేయించాలి కానీ, కీలు నొప్పి కోసం మంచి పన్ను పీకించుకోకూడదు. అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు.

అపోహ: చెవిపోటే కదా, రెండు చుక్కలు వెచ్చటి నూనె వేస్తే చాలు.
వాస్తవం: కీలు చెవికి ఆనుకునే ఉంటుంది కాబట్టి దాని నొప్పి చెవిలో తెలుస్తుంది. నూనె కీలుదాకా పోదు. కర్ణభేరికి చిల్లు ఉంటే హాని కూడా.

అపోహ: నోరు తెరుచుకోకపోతే అది దవడ కీలు జబ్బే.
వాస్తవం: మామూలుగా పెద్దవాళ్ల నోట్లో వాళ్లవే మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. గుట్కా, వక్క నమిలేవారిలో చెంప లోపలి పొర గట్టిపడి నోరు క్రమంగా మూసుకుపోతుంది. అది క్యాన్సర్‌కు దారితీయగల జబ్బు. గాయం తర్వాత దవడ బిగుసుకుంటే ధనుర్వాతాన్ని అనుమానించి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

అపోహ: గట్టివి నమిలితే దవడకు బలం, నొప్పి విడుస్తుంది.
వాస్తవం: రేగిన కీలుకు కావలసింది విశ్రాంతి. కొన్నాళ్లు వట్టి జొన్నరొట్టె, చెరకు, మొక్కజొన్న కంకి పక్కన పెట్టండి. రొట్టె తినాలనిపిస్తే పప్పులో నానబెట్టి మెత్తగా తినండి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన కంది మన తాండూరుదే, పప్పుకేం కొదవ! ఆవులింత వస్తే గడ్డం కింద చెయ్యి ఆనించండి. పట్టేసిన కండరాలకు వేడి కాపడం పెట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు పెదవులు కలిసి ఉన్నా పళ్లు విడిగా ఉండాలి. నొప్పి మాత్రలు డాక్టరును అడిగే వేసుకోండి, కడుపుపుండు, కిడ్నీ జబ్బు ఉన్నవారు మరీ జాగ్రత్త.

అపోహ: చివరికి ఆపరేషన్ తప్పదు.
వాస్తవం: ఎక్కువమందికి ఈ జాగ్రత్తలు, వ్యాయామాలు, అవసరమైతే రాత్రి పెట్టుకునే పంటి తొడుగుతోనే తగ్గుతుంది. తగ్గనివారిలో కొందరికి సూదితో సెలైన్ పంపి కీలును కడుగుతారు. కోత అవసరమయ్యేది బహు కొద్దిమందికి.

కొన్నిటిని మాత్రం వాయిదా వేయకూడదు. ఛాతీ బరువు, చెమటలతో దవడ లాగుతుంటే అది గుండెపోటు కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి. 50 ఏళ్లు దాటినవారికి నమిలేటప్పుడు దవడ నొప్పి, కొత్తగా తలనొప్పి, చూపు మసక కలిసి వస్తే అదే రోజు డాక్టరును కలవాలి. చేతివేళ్ల కీళ్లు కూడా పొద్దున్నే బిగుసుకుంటుంటే కీళ్లవాతం పరీక్షలు చేయించాలి.

మిగతా దౌడ నొప్పులకు వికారాబాద్‌లోని శ్రీ సాయి దంత వైద్య కళాశాలలోనో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాలలోనో ఓరల్ మెడిసిన్ విభాగంలో చూపించుకోవచ్చు. పన్ను పీకించుకునే ముందు డాక్టరును ఒక్క మాట అడగండి: ‘నొప్పి పంటిదా, కీలుదా?’