డబ్బా మీద డైమండు గుర్తు చూస్తున్నారా?

సెంగ్‌కాంగ్‌లో ఒకే ఫ్లాటులో ఉండే మేము నలుగురం సరుకు కాగితాలు రాసే గుమాస్తాలం. ఇంటర్‌తో చదువు ఆపినవాళ్లమే. ఆదివారం వంట దగ్గర కూడా డ్రముల మాటే!

మొన్న లారీకి సరుకెక్కించే తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, ఒకదాని మీద 3, ఒకదాని మీద 8 ఉంది. ఎనిమిదే ఎక్కువ ప్రమాదమా?" కొత్తలో మాకూ అదే అనుమానం. కాదు. ఆ అంకె ప్రమాదం ఎంతో చెప్పదు, ఎలాంటిదో చెబుతుంది.

ఐక్యరాజ్యసమితి పద్ధతిలో తరగతులు తొమ్మిది. 1 పేలుడు పదార్థాలు, 2 గ్యాసులు, 3 మండే ద్రవాలు, 4 మండే ఘనపదార్థాలు, 5 పక్కనున్న మంటను పెంచేవి, 6 విషాలు, రోగక్రిములున్నవి, 7 రేడియోధార్మికం, 8 ఒంటినీ ఇనుమునూ తినేసే యాసిడ్ల వంటివి, 9 మిగతావి. మిగతావే కదా అని తేలిగ్గా తీసుకోకండి. సెల్‌ఫోన్ లిథియం బ్యాటరీలు అందులోవే. ఊరికెళ్లేటప్పుడు పవర్‌బ్యాంకును చెకిన్ పెట్టెలో పెట్టనివ్వనిది అందుకే.

ఎంత ప్రమాదమో చాలా సరుకులకు ప్యాకింగ్ గ్రూపు చెబుతుంది. గ్రూపు 1 అన్నిటికన్నా ప్రమాదం. పెట్రోలు (నంబరు 1203), కిరోసిన్ (1223) రెండూ తరగతి 3లోవే. కానీ పెట్రోలు గ్రూపు 2, కిరోసిన్ గ్రూపు 3.

మాలో ఒకడు ఒకసారి థిన్నర్ డబ్బాలకు '1263, తరగతి 3' అని రాయకుండా 'పెయింటు సామాను' అని రాసేశాడు. ఆ కాగితం నమ్మి డ్రైవరు మా దగ్గరి కల్లాంగ్-పాయలేబర్ ఎక్స్‌ప్రెస్‌వే సొరంగంలోకి వెళ్లబోయాడు. అలాంటి సరుకుకు అందులోకి ప్రవేశం లేదు. స్టోర్లో తమిళ అన్న వాసన పట్టి ఆపాడు. ఆ లారీ వెనక కూలీలు కూర్చుని ఉన్నారు. వాడు ఆ రాత్రి అన్నం తినలేదు.

కాగితం సరిగ్గా ఉన్నా చాలదు. 2021 మే నెలలో సింగపూర్ జెండా ఉన్న ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడలో 25 టన్నుల నైట్రిక్ యాసిడ్ ఉంది. ఒక కంటైనరు కారుతోందని ముందే తెలిసింది. ఖతార్‌లోని హమద్, గుజరాత్‌లోని హజీరా రేవులు దాన్ని దించుకోలేదు. కొలంబో దగ్గర ఓడ తగలబడి, జూన్‌లో మునిగింది.

తమ్ముడిప్పుడు డబ్బాల ఫొటోలు తీసి పంపుతున్నాడు. నిన్నటిదాంట్లో లేబులు సగం చిరిగి ఉంది, అంకె లేదు. దాన్ని ముట్టుకోకుండా ముందు సూపర్‌వైజర్‌ని పిలవమన్నాం.