ఇంటికి సున్నం... పాటకు గొంతు

పెత్తరమాస దగ్గర పడిందంటే పాలమూరు, నల్లగొండ పల్లెల్లో రెండు పనులు జోరందుకుంటాయి. ఒకటి ఇల్లు బాగుచేసుకోవడం. రెండోది గొంతు సవరించుకోవడం. పగలంతా గోడల పని... పొద్దుగూకితే బతుకమ్మ పాట!

అటక మీది సామాన్లన్నీ వాకిట్లోకి వస్తాయి. కిర్రుమనే తలుపు మడతబందుకు నూనె పడుతుంది. పగిలిన పెంకు మారుతుంది. ఊడిన ప్లగ్గు బిగించడానికి ఇంట్లో కుర్రాడే స్క్రూడ్రైవరు పడతాడు. ఏడాదంతా 'రేపు చూద్దాం' అనుకున్న పనులన్నీ దసరాకు ముందే తెమలాలి.

ఈ హడావుడికి ఇక్కడ ఇంకో అర్థం కూడా ఉంది. నాగార్జునసాగర్ సహా ఎన్నో ప్రాజెక్టుల్లో మట్టి మోసింది 'పాలమూరు లేబర్'. కరవు తరిమితే ముంబయి, పుణె దాకా వెళ్లి ఊరివాళ్ల మేడలు కట్టారు. అలాంటివాళ్లకు సొంత గోడ మీద చెయ్యి పెట్టే తీరిక దొరికేది పండక్కి ఇల్లు చేరినప్పుడే.

ఆరితేనే తెలుపు

రంగు డబ్బాలు వచ్చినా సున్నం పూర్తిగా పోలేదు. కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది. నానాక వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపి కుంచెతో పూస్తారు. తడి గోడను చూస్తే 'ఇంతేనా' అనిపిస్తుంది. ఆరాక చూడాలి ఆ తెలుపు! గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని సున్నం మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. అయినా వానలకు చెదురుతుంది. అందుకే ఏటేటా వేయాల్సిందే.

మగవాళ్లు, పిల్లలు పూలకు బయలుదేరతారు. మెట్ట నేలల్లో తంగేడు, చేలల్లో కలుపుగా మొలిచే గునుగు... రెండూ ఎవరూ నీళ్లు పోయనివే. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, రంగులద్దిన గునుగును, తంగేడును, బంతిని వరసలుగా పేరుస్తారు. బరువు ఒక పక్కకు ఒరిగితే మొత్తం కూలుతుంది. ఇదీ ఒక కట్టడమే మరి!

అందరూ పాడేవాళ్లే

ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల పండగ. ఆరో రోజు 'అలిగిన బతుకమ్మ' కాబట్టి ఆట ఉండదు. మిగతా సాయంత్రాలన్నీ పాటలే.

పాశ్చాత్య దేశాల్లో బృందగానమంటే వేదిక, స్వరాల కాగితం, చేయి ఊపే నాయకుడు ఉంటారు. ఇక్కడ అవేవీ ఉండవు. ఒకరు చరణం ఎత్తుకుంటారు. మిగతావాళ్లు 'ఉయ్యాలో' అనో 'చందమామ' అనో అందుకుంటారు. చప్పట్లే తాళం, అడుగే లయ. బృందం పాడుతున్నంతలో ముందు పాడే ఆమె తర్వాతి చరణం గుర్తు చేసుకుంటుంది. పల్లవి మాట ఒక్కటి వస్తే చాలు, నిన్న కాపురానికి వచ్చిన కోడలూ వలయంలో కలిసిపోతుంది. రామాయణం, అత్తింటి కష్టం, పుట్టింటి బెంగ... అన్నీ ఆ పాటల్లో ఇమిడిపోతాయి.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండగ అయింది. 2016 అక్టోబరు 8న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 9,292 మంది మహిళలు కలిసి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. సంతోషమే. కానీ చాలా వాకిళ్లలో ఇప్పుడు పాడుతున్నది సౌండు బాక్సు! పాట దానంతటదే వస్తుంటే చరణం గుర్తుంచుకోవాల్సిన అవసరం ఎవరికుంటుంది? అడుగులు పడతాయి గానీ పెదవులు కదలవు. నాయనమ్మకు వచ్చిన నిడివైన కథాగేయం మనవరాలికి చేరే దారి అక్కడే తెగిపోతుంది.

మార్గం కష్టమేమీ కాదు. రోజుకు ఒక్క పాటకైనా బాక్సు కట్టేయండి. ఇంట్లో పెద్దామెను ముందు పాడమనండి. ఆమె పాడుతుంటే పిల్లలతో నోటుపుస్తకంలో రాయించండి, ఫోన్లో రికార్డు చేయించండి. మరుసటి రోజు ఆ చరణాన్ని పిల్లల్నే ఎత్తుకోమనండి. తప్పు పోతే పోనీండి, అందుకునేవాళ్లు చుట్టూ ఉంటారు కదా!

గోడకు ఏటా సున్నం కావాలి. పాటకూ ఏటా ఓ కొత్త గొంతు కావాలి.