నెమరు వెనుక సూక్ష్మజీవులు

గౌతమీ గోదావరి తీరాన, కోనసీమలో ఉన్న గ్రామం ముక్తేశ్వరం. రేవు దాటితే ఆవలి ఒడ్డున కోటిపల్లి. ఈ ప్రాంతపు రైతు వరి పండించి ధాన్యాన్ని ఇంటికి చేరుస్తాడు. గడ్డిని మేటు వేసి ఏడాది పొడవునా పశువులకు మేపుతాడు. మనిషికి ఏ మాత్రం జీర్ణం కాని ఆ ఎండుగడ్డి గేదె కడుపున చేరి పాలుగా మారుతుంది. ఈ మార్పును గేదె ఒంటరిగా సాధించలేదు. దాని ఉదరంలో నివసించే సూక్ష్మజీవులే ఇందులో ప్రధానపాత్ర వహిస్తాయి.

గడ్డిలో అధికభాగం సెల్యులోజ్ అనే పీచుపదార్థం. బియ్యంలోని పిండిపదార్థం వలెనే ఇది కూడా గ్లూకోజ్ అణువుల గొలుసు. అయితే ఆ అణువులను కలిపే బంధం వేరు. దానిని తెంచగల ఎంజైమును మనిషి గాని, పశువు గాని స్వయంగా తయారుచేసుకోలేవు. ఆ శక్తి కొన్ని సూక్ష్మజీవులకు ఉంది. ఆవు, గేదె, మేక, గొర్రె వాటికి కడుపులో ఆశ్రయమిచ్చి తమ కొరతను తీర్చుకుంటున్నాయి.

ఈ జంతువుల జీర్ణాశయంలో నాలుగు గదులుంటాయి. మొదటిదైన రూమెన్ అన్నింటికంటె పెద్దది. ఎదిగిన పశువులో ఇది నూరు లీటర్లకు పైగా పదార్థాన్ని ఇముడ్చుకోగలదు. ప్రాణవాయువు దాదాపుగా లేని ఆ చోట సుమారు 39 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం నిలకడగా ఉంటుంది. అక్కడి ద్రవంలో ఒక్క మిల్లీలీటరుకు వెయ్యికోట్లకు పైగా బాక్టీరియాలు, లక్షల సంఖ్యలో ప్రోటోజోవాలు జీవిస్తాయి. శిలీంధ్రాలు కూడా వాటికి తోడుంటాయి. ఈ ప్రోటోజోవాలను 1843లో గ్రూబీ, దెలాఫోన్ అనేవారు గుర్తించారు. ప్రాణవాయువు సోకితే మరణించే ఇక్కడి బాక్టీరియాలను ప్రయోగశాలలో పెంచే పద్ధతిని 20వ శతాబ్ది మధ్యభాగంలో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ రూపొందించాడు.

నెమరుకు సంస్కృతంలో రోమంథమని పేరు. పశువు తొలుత ఆత్రంగా మింగిన మేతను తీరిక వేళ తిరిగి నోటికి తెచ్చుకొని మెత్తగా నములుతుంది. అందువల్ల గడ్డి చిన్న ముక్కలై సూక్ష్మజీవులకు అందుబాటులోకి వస్తుంది. రోజుకు నూరు లీటర్లకు పైగా ఊరే లాలాజలం కడుపులోని ఆమ్లతను అదుపులో ఉంచుతుంది.

సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టినపుడు ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు ఏర్పడతాయి. రూమెన్ గోడల గుండా రక్తంలో చేరే ఈ ఆమ్లాలే పశువుకు ప్రధాన శక్తి వనరులు. పాలలోని వెన్నకు ఎసిటిక్ ఆమ్లం, పాలలోని చక్కెరకు ప్రొపియోనిక్ ఆమ్లం ముడిసరుకులు. ఈ క్రమంలోనే పుట్టే మీథేన్ వాయువును పశువు త్రేన్పుల ద్వారా వెలుపలికి పంపుతుంది. అది భూతాపాన్ని పెంచే వాయువులలో ఒకటి. చివరకు సూక్ష్మజీవులు సైతం మేతతోపాటు నాలుగవ గదికి చేరి జీర్ణమై, పశువుకు మాంసకృత్తులను అందిస్తాయి. ఆశ్రయమిచ్చిన జీవికి ఆహారం వండిపెట్టి, పిదప తామే ఆహారమవుతాయి.

ఈ సహజీవనం ఎంత బలమైనదో అంత సున్నితమైనది. విందులో మిగిలిన అన్నం పారవేయడం ఇష్టంలేక కుడితితొట్టిలో కుమ్మరిస్తే, దానిని కడుపునిండా తిన్న పశువు ప్రాణాపాయంలో పడుతుంది. పిండిపదార్థం వేగంగా పులిసి లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది. ఆ పులుపుకు పీచును జీర్ణించే సూక్ష్మజీవులు నశిస్తాయి. శరీరంలోని నీరు రూమెన్‌లోకి చేరి పశువు నీరసిస్తుంది; నెమరు ఆగిపోతుంది. సకాలంలో వైద్యం అందకపోతే మరణిస్తుంది. కోలుకుంటున్న పశువుకు ఆరోగ్యవంతమైన మరో పశువు రూమెన్ ద్రవాన్ని పట్టించి, నశించిన సూక్ష్మజీవులను తిరిగి నెలకొల్పడం పశువైద్యులు అనుసరించే ఒక పద్ధతి.

గోదావరి వరదల వేళ ఈ జ్ఞానం మరింత అవసరం. 2022 జూలైలో వచ్చిన వరదలో కోనసీమ లంకగ్రామాలు నీట మునిగాయి. అటువంటి సమయంలో మేత దొరకక పస్తులున్న పశువు కడుపులోని సూక్ష్మజీవులు కూడా పస్తులుంటాయి. జాలిపడి ఒక్కసారిగా అన్నమో, నూకలో పెడితే మేలుకు మారు కీడు జరుగుతుంది. ముందుగా గడ్డి పెట్టాలి. దాణాను కొద్దికొద్దిగా పెంచాలి. మేతలో ఏ మార్పయినా పది, పదిహేను రోజులలో క్రమంగా జరగాలి.

పశువు నెమరువేస్తున్నదా లేదా అని గమనించడం అనుభవజ్ఞుడైన రైతుకు అలవాటు. ఆ అలవాటులోని సత్యాన్ని విజ్ఞానశాస్త్రం వివరించింది. పాడి చల్లగా ఉండాలంటే పశువుతోపాటు, దాని కడుపులోని కంటికి కానరాని జీవులనూ ఎరిగి మేపాలి.