పునాది సొమ్ము ఇంటి ఖర్చుల్లోంచే రావాలి

ఖమ్మం: ఇల్లు మంజూరైందన్న కబురు వచ్చిన రోజున ఆ గడపలో పండుగే. మర్నాటి నుంచి మాత్రం ఒకటే దిగులు. పునాదికి డబ్బెక్కడిది? జిల్లాలో పత్తి చేలల్లో, మిరప తోటల్లో కూలికి పోయి బతికే కుటుంబాలు చాలావాటిని ఇప్పుడు వేధిస్తున్న ప్రశ్న ఇదే.

పట్నంలో ఇల్లు కొనేవాడికి బ్యాంకు మొత్తం సొమ్ము ఇవ్వదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు గృహరుణానికైనా ఇంటి విలువలో 90 శాతం మించి ఇవ్వరాదు. మిగిలిన పదో వంతు కొనేవాడు చేతినుంచి పెట్టుకోవలసిందే. పల్లెలో బ్యాంకు లేదు, బిల్డరూ లేడు గాని చేతి సొమ్ము మాత్రం తప్పడం లేదు. ఇక్కడ దాని పేరు పునాది.

2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ఒక్కో ఇంటికి 5 లక్షల రూపాయలు వస్తాయి. అయితే ఆ సొమ్ము ఒకేసారి రాదు, నాలుగు విడతలుగా వస్తుంది. మొదటి విడత లక్ష రూపాయలు రావాలంటే ముందు బేస్‌మెంట్ లేవాలి. సిబ్బంది వచ్చి చూడాలి, ఫొటో తీయాలి, అది పైకి పోవాలి, ఆ తర్వాతే ఖాతాలో డబ్బు పడుతుంది. అంతకుముందు 2015లో మొదలైన రెండు పడక గదుల ఇళ్ల పథకంలో ఇల్లు సర్కారే కట్టించి తాళంచెవి ఇచ్చేది. ఇప్పుడు కట్టుకునేది ఇంటి యజమానే. రాయి, ఇసుక, సిమెంటు, సుతారి మేస్త్రి కూలి అన్నీ మొదట తానే చూసుకోవాలి.

పునాదికి ఎంతవుతుందన్నది నేలను బట్టి ఉంటుంది. ఎర్రనేలలో గట్టి మన్ను త్వరగా తగులుతుంది. నల్లరేగడిలో అట్లా కాదు. ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే నేల గనుక గుంట లోతుగా పోవాలి, రాయి ఎక్కువ పట్టాలి. లెక్క సులువు కోసం లక్షన్నర అనుకుందాం.

ఆ లక్షన్నర చేతిలో లేనివాడు చేసే మొదటి పని వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కడం. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ పల్లెల్లో వింతేమీ కాదు. ఆ లెక్కన లక్షన్నరకు నెలకు 4,500, ఏడాదికి 54 వేలు. బిల్లు నాలుగు నెలలు ఆలస్యమైతే వడ్డీ కిందనే 18 వేలు పోయినట్టు. బిల్లు వచ్చినా అది లక్షే గదా! అసలులో ఇంకా యాభై వేలు అట్లాగే ఉంటుంది. గోడలకు ఉంచుకోవలసిన సొమ్ము అప్పుకు పోతుంది, పని గోడల దగ్గర ఆగుతుంది. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఇందిరమ్మ పథకం నాటి పునాదులు కొన్ని నేటికీ తుమ్మచెట్లు మొలిచి పల్లెల్లో కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంట్లో ఎక్కడ మిగులుతుంది?

రోజు కూలీ మీద బతికేవారి ఇంట్లో మిగిల్చేదేముంటుందని ఎవరైనా అడగవచ్చు. మొగుడూ పెళ్లాలిద్దరూ కూలికి పోయే ఇల్లు, ఇద్దరు పిల్లలు. ఇట్లాంటి ఇంటి ఖర్చును కాగితం మీద పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది.

ముందుగా బియ్యం. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో ప్రారంభించి రేషన్ కార్డుల మీద మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. అంతకుముందు దొడ్డుబియ్యం తెచ్చి ఎవరికో అమ్మేసి, సన్నబియ్యం బస్తా కొనుక్కునే ఇళ్లు తక్కువేం కాదు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. కిలో యాభై లెక్కన నెలకు 1,200, ఏడాదికి 14,400 రూపాయలు కొనుగోలు తగ్గినట్టే. 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు కరెంటు బిల్లు లేదు. నెలకు 250 వచ్చే ఇంటికి ఏడాదికి 3,000 మిగులు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు.

మరి ఈ మిగిలిన డబ్బేది? ఇక్కడే ఉన్నది చిక్కంతా. చేతికి వచ్చిన డబ్బయితే దాచుకుంటారు, పోకుండా ఆగిన డబ్బు ఎవరికీ కనిపించదు. అది టీ కొట్టు దగ్గరో, ఫోను రీచార్జిలోనో, పిల్లల చిరుతిళ్ల ప్యాకెట్లలోనో కలిసిపోతుంది. బియ్యం తెచ్చిన రోజునే, కొన్నట్టుగా అనుకుని, ఆ 1,200 విడిగా తీసి పెట్టినవారికే అది సొమ్ము.

ఫోను సంగతి విచిత్రం. నెల రీచార్జి అని అందరూ అంటారు గాని అది 28 రోజులకే అయిపోతుంది. అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడుసార్లు వేయించాలి. ఇంట్లో రెండు ఫోన్లుంటే రెంటికీ నెట్ అవసరమా అన్నది ఆలోచించుకోవాలి. రెండోదానికి వంద రూపాయల తక్కువ రీచార్జి వేయించినా ఏడాదికి 1,300. సెంటర్లో టీ పది రూపాయలు. రెండు తాగేవాడు ఒకటి మానితే 3,650.

ఇక బెల్టుషాపు. వారానికి మూడు రోజులు, పోయినప్పుడల్లా నూటయాభై అనుకుంటే వారానికి 450. పూర్తిగా మానమంటే వినేవారు తక్కువ. ఆదివారం ఒక్కరోజుకు కుదించినా వారానికి 300, ఏడాదికి 15,600 రూపాయలు మిగులుతాయి. టీ, ఫోను, కరెంటు మూడూ కలిపినా ఇందులో సగానికి కొంచెమే ఎక్కువ అవుతున్నది.

అన్నీ కూడితే ఏడాదికి 38 వేలకు దగ్గర. తీసిపారేసే సొమ్మేం కాదు. కాని పైన చెప్పిన వడ్డీ పక్కన పెట్టి చూడండి. ఏడాది పొడుగునా నోరు కట్టుకుని మిగిల్చింది 38 వేలు, మూడు రూపాయల వడ్డీ తినేది 54 వేలు. అప్పు చేశాక ఎంత పొదుపు చేసినా వడ్డీకే చాలదన్నమాట. అదే పొదుపు ముగ్గు పోయక ముందు రెండేళ్లు చేస్తే 76 వేలు చేతిలో ఉంటాయి, పునాదిలో సగం గడిచినట్టే. జాబితాలో పేరున్నవారు, వస్తుందని ఎదురుచూస్తున్నవారు మంజూరు కాగితం దాకా ఆగకుండా ఇప్పటినుంచే మొదలుపెట్టడంలో ఉన్న లాభం ఇది.

కోత ఎవరి కంచంలో?

ఖర్చు తగ్గించాలన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు మొదటి కోత ఎక్కడ పడుతున్నదో కూడా చూడాలి. పాలు అర లీటరు నుంచి పావుకు దిగుతాయి. కూరలో నూనె తగ్గుతుంది. గుడ్డు మగవాళ్లకు, పిల్లలకు పెట్టి ఇల్లాలు పచ్చడి మెతుకులతో లేస్తుంది. ఆమె రక్తపోటు బిళ్లలు రోజు విడిచి రోజు మింగుతుంది. మందు ఖర్చు మాత్రం చిట్టచివర, అదీ గొడవైతేనే కదులుతుంది. ఇది పొదుపు కాదు. మిరప తోటలో పొద్దంతా వంగి కాయ ఏరే మనిషికి తిండి తగ్గితే పడిపోయేది కూలే. నాలుగు రోజులు మంచాన పడితే నెల పొదుపు ఆస్పత్రి పాలవుతుంది. పాలు, గుడ్డు, మందుబిళ్లలు, పిల్లల చదువు... వీటి జోలికి పోకుండా ఎంత మిగిలితే అంతే లెక్క.

తెలుగునాట పల్లె ఆడవాళ్ల పొదుపుకు బలం వచ్చిందే మందు మీద తిరుగుబాటుతో. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా మీద లేవడం, ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం రావడం పెద్దలకు గుర్తే. సారాకు పోయే డబ్బులో రోజుకు ఒక రూపాయి దాచుకోవడం అక్కడి సంఘాలు అప్పుడే మొదలుపెట్టాయి. నేటి పొదుపు సంఘాలకు అదొక మూలం. ఆ రూపాయి ఎక్కడిదో మరిచిపోకుండా ఉంటే బాగుండేది.

చదివింపుల సంగతి తేల్చడం కష్టం. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పంచెకట్లు, గృహప్రవేశాలు. మాఘం నుంచి వేసవి దాకా నెలకు నాలుగైదు పత్రికలు వస్తాయి. పోకుండా ఉంటే మాట వస్తుంది, పైగా రేపు తమ గృహప్రవేశానికి తిరిగి వచ్చేది ఆ డబ్బే. అది ఒక రకం చీటీ అనుకోవాలి. ఇచ్చేది ఇచ్చినా, ప్రతి ఫంక్షనుకూ కొత్త చీర, అద్దె కారు అక్కరలేదు. తమ ఇంట్లో ఓణీల ఫంక్షను ఒకటి తగ్గించుకుంటే పునాది రాయి మొత్తం వస్తుందని లెక్క చెప్పే మేస్త్రీలున్నారు.

దాచిన డబ్బు ఎక్కడ ఉంచాలన్నది తర్వాతి సంగతి. పోపుల డబ్బాలో ఉన్న డబ్బుకు కాళ్లుంటాయి. చీటీ వేసేవారు ఎక్కువ గాని, 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం ముందుగా అనుమతి, రిజిస్ట్రేషను లేకుండా చిట్టీ నడపరాదు. అరుగు మీద నోటిమాటతో నడిచే చీటీకి ఆ కాగితాలేవీ ఉండవు. నడిపేవాడు ఊరు విడిచిపోతే పట్టుకోవడానికి చేతిలో రుజువుండదు. పోస్టాఫీసులో నెలకు వంద రూపాయల నుంచి రికరింగ్ డిపాజిట్ కట్టవచ్చు. 2023 అక్టోబరులో దీని వడ్డీని 6.7 శాతం చేశారు. ఆ వడ్డీకి నెలకు వెయ్యి చొప్పున అయిదేళ్లు కడితే కట్టిన 60 వేలకు 71 వేల పైచిలుకు వస్తాయి. అయిదేళ్లు ఆగలేనివారికి ఏడాది కట్టాక కట్టినదాంట్లో సగం వరకు అప్పు దొరుకుతుంది.

తక్కువ పడిన సొమ్ముకు సంఘం ఉండనే ఉన్నది. 3 లక్షల వరకు సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పుకు ఏడాదికి 7 శాతమే వడ్డీ అని 2022లో ఖరారైంది. నెల లెక్కన నూటికి అరవై పైసల లోపు. మూడు రూపాయలకూ అరవై పైసలకూ ఉన్న తేడా చదువు రానివారికీ తెలుసు. అయితే సంఘంలో పది మందీ పంచుకునే అప్పు గనుక ఒక్కరికే మొత్తం రాదు. పాత వాయిదాలు సరిగా కట్టి ఉంటేనే ఆ మాటైనా సాగుతుంది.

డబ్బు చేతిలో ఆగదనుకునేవారికి పాతకాలపు ఉపాయం ఒకటున్నది. పత్తి తీత కూలి వచ్చినప్పుడు ఒక ట్రాక్టరు రాయి, మిర్చి ఏరిన డబ్బుతో మరొకటి తెచ్చి స్థలంలో పోయించుకోవడం. రాయి చెడదు, ఎవరూ చేబదులు అడగరు, బెల్టుషాపులో చెల్లదు! ఇటుకా అంతే. సిమెంటు మాత్రం ముందే కొని పెట్టరాదు. మూడు నెలలు దాటితే బిగువు తగ్గుతుంది, తేమ తగిలితే బస్తాలోనే గడ్డకడుతుంది. ఇనుము వానలో ఉంటే తుప్పు పడుతుంది. ఈ రెంటినీ పని మొదలైన వారంలో తెచ్చుకోవడమే మేలు. గుంట తీయడం, మన్ను నింపడం, నీళ్లు కొట్టడం ఇంటివాళ్లే చేసుకుంటే ఆ కూలీ మిగులు.

పొదుపు అంతా చేసి ముగ్గు దగ్గర దెబ్బతినేవారూ ఉన్నారు. పథకంలో ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600 మించరాదు. జీవితంలో ఒక్కసారి కట్టే ఇల్లు గదా అని మేస్త్రి ఒక గది పెంచమంటాడు, బావమరిది వరండా వేయమంటాడు. కొలత దాటితే బిల్లు ఆగుతుంది. దాటకపోయినా, పెరిగిన ప్రతి గది వెనుక పునాది, గోడ, శ్లాబు మూడింటి ఖర్చూ నడిచి వస్తుంది. రెండేళ్లు టీ మానిన డబ్బు ఒక్క పూట మాటల్లో పోతుంది.

రోజులు కూడా చూసుకోవాలి. పత్తి, మిర్చి కూలి డబ్బు ఏప్రిల్‌తో అయిపోతుంది. ఆషాఢంలో ముగ్గు పోయరు, శ్రావణం దాకా ఆగితే నల్లరేగడి గుంటల్లో నీళ్లు నిలిచి పని సాగదు. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో మంచిరోజు చూసుకుని మృగశిర కార్తె లోపల బేస్‌మెంట్ లేపాలంటే, దసరా నుంచే డబ్బు విడిగా తీసి పెట్టడం మొదలుకావాలి. ఈలోగా బ్యాంకు పాసుపుస్తకంలో పేరు, ఆధార్‌లో పేరు ఒకే తీరుగా ఉన్నాయో లేదో పంచాయతీ కార్యదర్శికి చూపించుకుని, తప్పుంటే దిద్దించుకోవాలి. పునాది లేచాక అక్షరం తేడాతో బిల్లు ఆగితే ఆ నెలల వడ్డీ ఎవరూ ఇవ్వరు.