నాయనమ్మకు అలుపెందుకు?

పిట్టలవానిపాలెంలో ఒక నాయనమ్మ. నాలుగడుగులు వేస్తే అలుపొస్తుంది. మనవరాలేమో చెరువు దాకా పరుగెత్తి వస్తుంది. "నాకెందుకే ఈ అలుపు?" అంటుంది నాయనమ్మ.

మన ఒళ్ళంతా కణాలే. అవి కంటికి కనపడవు. కణం లోపల పొయ్యి లాంటి భాగాలున్నాయి. వాటి పేరు మైటోకాండ్రియా. తిన్న తిండి నుంచి అవి శక్తి తీస్తాయి. ఆ శక్తిని మోసేది ఏ.టి.పి. అనే పదార్థం. 1929లో దాన్ని కనుక్కున్న వారిలో మన తెలుగాయన ఉన్నారు. ఆయనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

కణంలో పుల్లని నీళ్ళ సంచి కూడా ఉంటుంది. అది చెత్తను కరిగిస్తుంది. సరుకులు దాస్తుంది.

కల్లు నురగ కడుతుంది గదా. అది ఈస్ట్ చేసే పని. ఈస్ట్ ఒకే కణం ఉన్న జీవి. 2012లో అమెరికాలో దాన్ని పరీక్షించారు. వయసు పెరిగేకొద్దీ ముందు సంచిలో పులుపు తగ్గింది. ఆ తర్వాత పొయ్యి చెడింది. పులుపు తగ్గకుండా చూస్తే పొయ్యి బాగుంది. ఈస్ట్ ఎక్కువకాలం బతికింది.

సంచికీ పొయ్యికీ లంకె ఏమిటి? 2020లో అదీ తెలిసింది. పులుపు తగ్గిన సంచి సిస్టీన్ అనే సరుకును దాచుకోలేదు. అది బయట పేరుకుంటుంది. దాంతో పొయ్యికి ఇనుము అందదు. ఇనుము లేక పొయ్యి చల్లబడుతుంది.

మన కణాల్లోనూ ఇలాంటి సంచులున్నాయి. వాటిని లైసోజోములంటారు. వాటి మీద పరీక్షలు ఇంకా జరుగుతున్నాయి.

"అయితే చింతపండు తింటే సరా?" అంది నాయనమ్మ. సరిపోదు. నోట్లో పులుపు ఆ సంచిలోకి చేరదు.

అలుపంతా ముసలితనమే కాదు. రక్తం తక్కువైనా, గుండెజబ్బున్నా అలుపొస్తుంది. అందుకే కోడలు ఆమెను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళింది, రక్తపరీక్షకు.