రిమోట్‌కి రెండు రోజుల ఓవర్‌టైమ్!

ఆటలంటే ప్రాణం పెట్టేవాళ్లకు 2025 మే 24, 25 శని, ఆదివారాలు ఒకే ముహూర్తానికి అయిదు శుభలేఖలు అందినట్టే. మే 24న కార్డిఫ్‌లో యూరప్‌ రగ్బీ క్లబ్బుల ఫైనల్‌, లిస్బన్‌లో మహిళల ఛాంపియన్స్‌ లీగ్‌ ఫైనల్‌. మర్నాడు మొనాకో గ్రాండ్‌ ప్రి, ఇంగ్లిష్‌ ప్రీమియర్‌ లీగ్‌ ఆఖరి రోజు, ఇండియానాపోలిస్‌ 500. ఇవన్నీ మన గడియారంలో పొద్దుగూకే వేళ మొదలై అర్ధరాత్రి దాటేదాకా సాగుతాయి. అన్నీ పూర్తిగా చూడాలని కూర్చుంటే ఏదీ చూసిన తృప్తి ఉండదు. ఒక్కో ఆటకు అసలు ఘట్టం ఒక్కోచోట ఉంటుంది. అదెక్కడో తెలిస్తే చాలు, మిగతా సమయంలో అన్నం తినొచ్చు, ఇంట్లోవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడొచ్చు.

మొనాకో... శనివారమే!

రేసు ఆదివారం సాయంత్రం ఆరున్నరకైతే శనివారమంటారేమిటి అనకండి. అక్కడ ట్రాక్‌ అంటూ వేరే లేదు. ఊళ్లో జనం తిరిగే రోడ్లకే రెండువైపులా ఇనుప కంచెలు బిగిస్తారు. చుట్టు 3.337 కిలోమీటర్లు, మొత్తం 78 చుట్లు. ఫార్ములా వన్‌ కారు దాదాపు రెండు మీటర్ల వెడల్పు ఉంటుంది, ముందున్నవాణ్ని దాటడానికి సందు దొరకదు. అక్కడి ఓ హోటల్‌ దగ్గరి మలుపులో అయితే గంటకు 50 కిలోమీటర్లకు అటూఇటూగా దిగిపోతారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్‌ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తినప్పుడు చూసిన హైదరాబాదీలకు గోడల మధ్య రేసంటే ఏమిటో కొంత తెలుసు. (మరుసటి ఏడాది రేసు రద్దయింది. ఆ ముచ్చట ఒక్కసారితోనే తీరిపోయింది.)

2024లో మొనాకోలో సొంత ఊరి కుర్రాడు షార్ల్‌ లెక్లెర్‌ గెలిచాడు. ఊరంతా సంబరమే, చూసేవాళ్లకు మాత్రం నిద్ర. మొదటి పదిమంది ఏ వరుసలో బయల్దేరారో అదే వరుసలో గమ్యం చేరారు. మొదటి చుట్టులోనే ప్రమాదం జరిగి రేసు ఆపడంతో అందరూ అప్పుడే టైర్లు మార్చేసుకున్నారు. ఆ తర్వాత పిట్‌లోకి వెళ్లాల్సిన పని లేకుండా పోయింది. అందుకే 2025లో మొనాకోకు మాత్రమే ఓ కొత్త నిబంధన పెట్టారు. ప్రతి డ్రైవరూ కనీసం మూడు సెట్ల టైర్లు వాడి తీరాలి, అంటే రెండుసార్లు ఆగక తప్పదు. ఇది పనిచేస్తుందా? నాకు అనుమానమే. ఒకే జట్టులోని ఇద్దరిలో ఒకడు కావాలని నెమ్మదిగా నడిపి వెనకవాళ్లను ఆపేస్తే, రెండోవాడు తీరిగ్గా టైర్లు మార్చుకుని వస్తాడు. అక్కడ ఇంజినీర్లు జీతం తీసుకునేది ఇలాంటి లొసుగులు వెతకడానికే.

కాబట్టి శనివారం రాత్రి ఏడున్నరకు జరిగే క్వాలిఫయింగ్‌ చూడండి. కంచెకు వెంట్రుకవాసి దూరంలో ఒక్కొక్కడూ ఒంటరిగా చేసే సాహసం అది. 1988లో ఆయర్టన్‌ సెన్నా అక్కడ తన జట్టులోనే ఉన్న అలైన్‌ ప్రోస్ట్‌ను దాదాపు సెకనున్నర తేడాతో వెనక్కి నెట్టాడు. ఇద్దరివీ ఒకే రకం కార్లు! ఆదివారం వాన పడితే మాత్రం లెక్క మారిపోతుంది. 1996లో తడి రోడ్డు మీద ఒలివియే పానిస్‌ పద్నాలుగో స్థానం నుంచి మొదలుపెట్టి గెలిచాడు. రేసు ముగిసేసరికి నడుస్తున్న కార్లు మూడే. వాన లేకపోతే మొదటి మలుపు చూసి లేచిపోవచ్చు.

ఈసారి మనకు ఇంకో కారణమూ ఉంది. బెంగళూరు కుర్రాడు కుష్‌ మైనీ ఇదే రోడ్ల మీద ఫార్ములా టూ రేసుల్లో నడుపుతున్నాడు.

ఎనభై నిమిషాలూ చూడాల్సింది ఒక్కటే

చిక్కేమిటంటే, క్వాలిఫయింగ్‌ కన్నా పావుగంట ముందే, ఏడుంబావుకు కార్డిఫ్‌లో రగ్బీ ఫైనల్‌ మొదలవుతుంది. ఒక్కటే చూడగలమంటే నా ఓటు దీనికే.

రగ్బీ మనవాళ్లకు అంతగా అలవాటు లేని ఆట. సూత్రం మాత్రం తేలికే. జట్టుకు పదిహేనుమంది. బంతి పట్టుకుని ముందుకు పరుగెత్తొచ్చు, చేత్తో అందించేటప్పుడు మాత్రం వెనక్కే ఇవ్వాలి. అవతలి గీత దాటి బంతిని నేలకు తాకిస్తే ట్రై, అయిదు పాయింట్లు. ఆ తర్వాత బంతిని తన్ని కర్రల మధ్యనుంచి పంపితే మరో రెండు. వెనక్కి ఇచ్చుకుంటూ ముందుకు పోవాలన్న ఆ ఒక్క మెలికలోనే ఆట అందమంతా ఉంది.

ఫైనల్లో ఉండాల్సింది నిజానికి ఐర్లాండ్‌ క్లబ్‌ లెన్‌స్టర్‌. ఈ టోర్నీ నాకౌట్లలో హార్లెక్విన్స్‌ను 62-0తో, గ్లాస్గోను 52-0తో చిత్తు చేసింది. అలాంటి జట్టును సెమీస్‌లో, అదీ డబ్లిన్‌లో, ఇంగ్లండ్‌ క్లబ్‌ నార్తాంప్టన్‌ 37-34తో ఇంటికి పంపింది. ఆ రోజు చెలరేగినవాళ్లలో ఇరవయ్యేళ్ల హెన్రీ పొలాక్‌ ఒకడు. వారం తిరక్కుండానే బ్రిటిష్‌ అండ్‌ ఐరిష్‌ లయన్స్‌ జట్టులో చోటు కొట్టేశాడు. అవతల ఫ్రాన్స్‌ క్లబ్‌ బోర్డో. రెండు అంచుల్లో డామియన్‌ పెనో, లూయీ బియెల్‌-బియారే పరుగు అందుకుంటే ఆపడం ఎవరి తరమూ కావడం లేదు. నార్తాంప్టన్‌ 2000లో ఒకసారి కప్పు గెలిచింది. బోర్డోకు ఈ ఫైనల్‌ ముందు వరకూ ఆ భాగ్యం లేదు. నాకైతే బోర్డోయే గెలుస్తుందనిపిస్తోంది, కానీ లెన్‌స్టర్‌ విషయంలోనూ అందరూ అలాగే అనుకున్నారు.

2025 జూన్‌లో ముంబయిలో రగ్బీ ప్రీమియర్‌ లీగ్‌ తొలిసారి జరగబోతోంది. ఏడుగురితో ఆడే ఆ పోటీలో హైదరాబాద్‌ హీరోస్‌ కూడా ఉంది. ఆట అర్థం చేసుకోవడానికి ఈ శనివారం మంచి పాఠం.

రగ్బీ అయిపోయాక ఊపిరి పీల్చుకుని, తొమ్మిదిన్నరకు లిస్బన్‌. వరసగా మూడో కప్పు మీద కన్నేసిన బార్సిలోనా మహిళలకు, 2007 తర్వాత మళ్లీ ఇప్పుడు ఫైనల్‌ చేరిన ఆర్సెనల్‌ ఎదురు నిలుస్తోంది.

మ్యాచ్‌ కాదు, పట్టిక

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు ప్రీమియర్‌ లీగ్‌లో పది మ్యాచ్‌లూ ఒకేసారి మొదలవుతాయి. పక్కవాళ్ల ఫలితం చూసుకుని ఆడే వీలు ఎవరికీ ఉండకూడదని ఈ ఏర్పాటు. 1982 ప్రపంచకప్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా తమకు సరిపోయే స్కోరు రాగానే ఆట చాలించి అల్జీరియాను ఇంటికి పంపాక ఆ టోర్నీలోనూ పుట్టిన జాగ్రత్త ఇలాంటిదే.

ఛాంపియన్‌ ఎవరో ఏప్రిల్‌లోనే తేలిపోయింది. లివర్‌పూల్‌ తన ఇరవయ్యో టైటిల్‌ను ఆన్‌ఫీల్డ్‌లో అభిమానుల ముందు ఎత్తుకుంటుంది. 1990 తర్వాత ఆ దృశ్యం ఇప్పుడే. 2020లో గెలిచినా కొవిడ్‌ వల్ల స్టాండ్లు ఖాళీ. దిగువకు పోయే మూడు క్లబ్బులూ ఖరారైపోయాయి. మిగిలింది వచ్చే ఏడాది ఛాంపియన్స్‌ లీగ్‌లో చోటు. లివర్‌పూల్‌, ఆర్సెనల్‌లకు అది ఖాయం కాగా, మిగతా మూడు స్థానాల కోసం మాంచెస్టర్‌ సిటీ, న్యూకాజిల్‌, చెల్సీ, ఆస్టన్‌ విల్లా, నాటింగ్‌హామ్‌ ఫారెస్ట్‌ కొట్టుకుంటున్నాయి. వాటిలో ఫారెస్ట్‌, చెల్సీ ఆ రాత్రి ముఖాముఖి తలపడుతున్నాయి. 1979, 80ల్లో వరసగా యూరప్‌ను గెలిచి, తర్వాత పాతాళానికి జారి, 2022లో పైకి వచ్చిన క్లబ్‌ ఫారెస్ట్‌. మనసు అటే లాగుతుంది. తెర మీద ఆ మ్యాచ్‌, చేతిలో ఫోన్లో పట్టిక, ఆఖరి ఇరవై నిమిషాలు. అది చాలు.

అదే సమయానికి ఐపీఎల్‌లో, ఢిల్లీలో మన సన్‌రైజర్స్‌, కోల్‌కతాతో ఆడుతుంటారు. ప్లేఆఫ్‌ ఆశలు ఎప్పుడో ఆవిరయ్యాయి. కనుక ఈసారికి వాళ్లు మన్నిస్తారు.

గెలిచినవాడికి పాలు

పదింబావుకు ఇండియానాపోలిస్‌. రెండున్నర మైళ్ల చుట్టు, 200 సార్లు, 33 కార్లు. ఒంటరిగా పరుగెత్తే క్వాలిఫయింగ్‌లో వేగం గంటకు 370 కిలోమీటర్లు దాటుతుంది. మొనాకోలో దాటడం గగనమైతే, ఇక్కడ ముందు పోయేవాడికే కష్టం. వెనకున్న కారు గాలి ఒత్తిడి తగ్గిన చోట దూరి దూసుకొస్తుంది. 2024లో జోసెఫ్‌ న్యూగార్డెన్‌ ఆఖరి చుట్టులో పాటో ఓవార్డ్‌ను దాటి వరసగా రెండోసారి గెలిచాడు. ఈసారీ గెలిస్తే, 1911 నుంచి జరుగుతున్న ఈ రేసును వరసగా మూడుసార్లు నెగ్గిన తొలి మనిషి అవుతాడు.

గెలిచినవాడు తాగేది షాంపేన్‌ కాదు, పాలు. దీనికి మూలం మన ఇళ్లలో ఉండేదే. 1936లో మూడోసారి గెలిచిన లూయీ మేయర్‌ దాహం తీరడానికి మజ్జిగ తాగాడు. ఆ ఫొటో చూసి పాల వ్యాపారులు ఊరుకుంటారా! 1993లో ఎమర్సన్‌ ఫిట్టిపాల్డీ పాల కన్నా ముందు నారింజ రసం అందుకుంటే అమెరికన్లు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇండీ మొదటి రెండు గంటలు కునుకు తీసినా ఫరవాలేదు. ఒంటిగంటకు దగ్గరపడేటప్పుడు ఆఖరి పది చుట్ల కోసం అలారం పెట్టుకోండి. ఆ తర్వాత కైల్‌ లార్సన్‌ అనే డ్రైవర్‌ ఇండీ ముగించి, విమానమెక్కి, షార్లట్‌లో 600 మైళ్ల రేసు కూడా నడపాలని చూస్తున్నాడు. ఒకే రోజు ఆ 1,100 మైళ్లూ పూర్తిచేసినవాడు 2001లో టోనీ స్టీవర్ట్‌ ఒక్కడే. అది మొదలయ్యేసరికి మనకు తెల్లవారుజామున మూడున్నర. అమెరికాలో ఉన్న మనవాళ్లు నిశ్చింతగా చూడొచ్చు, వాళ్లకు సోమవారం మెమోరియల్‌ డే సెలవు. మనకు లేదు.